శీలావతి అంటే ఏమిటి? సరిహద్దు గంజాయి పుట్టుక, దాని చుట్టూ ఉన్న చట్టం

ఒడిశాలోని కొరాపుట్ జిల్లా జయపురంలో మా వీధి మొగలో టీ కొట్టు నడిపే పిన్ని, కిందటి పుష్యమాసంలో ఒక పేపరు ముక్క మడతపెట్టి పట్టుకుని మా ఇంటికొచ్చింది. ఆమె చెల్లెలి కొడుకు ఇరవై రెండేళ్ల కుర్రాడు. ఘాట్ దిగే బస్సులో అతని సీటు కింద సంచిలో 21 కిలోల గంజాయి దొరికిందని కేసు కట్టారు. కేసు సంగతి ఆమెకు అప్పటికే తెలుసు. ఆమెను నిద్రపోనివ్వనిది వార్తలోని ఒకే ఒక్క మాట.

"ఏటి బాబూ, ఇది మామూలుది కాదంట, శీలావతి రకమంట. దానికి శిక్ష ఎక్కువ పడతాదా?"

పడదు. రకం పేరును బట్టి శిక్ష పెరగదు, తగ్గదు. ఆ ముక్క చెప్పి పంపేయొచ్చు. కానీ కొరాపుట్, మల్కన్‌గిరి, రాయగడ జిల్లాల తెలుగు ఇళ్లలో ఈ పేరు చుట్టూ చాలా మాటలు పేరుకుపోయాయి. శీలావతి వేరే జాతి మొక్క అంటారు. ఆంధ్రాలో ఒక చట్టం, ఒడిశాలో ఇంకో చట్టం అంటారు. ఆకు మాత్రమే ఉంటే కేసు కాదంటారు. వీటిలో మొదటి రెండూ తప్పు, మూడోది సగం నిజం. ఆ సగం ఎక్కడ ఆగుతుందో తెలియకపోవడం వల్లే ఇళ్లు కూలుతున్నాయి. అందుకే మొదటి నుంచీ చెప్పుకుందాం.

చేపకూ అదే పేరు, పతివ్రతకూ అదే పేరు

తెలుగువాడికి శీలావతి అంటే ముందు గుర్తొచ్చేది చేప. రోహు చేపను మనం శీలావతి అంటాం, ఒడియా వాళ్లు రోహి అంటారు. శీలావతి పులుసు ఎన్నోసార్లు తిన్నవాళ్లకు అదే పేరు గంజాయి వార్తలో కనబడితే ఉలికిపాటుగానే ఉంటుంది.

పేరుకు ఇంకో మూలం కూడా ఉంది. భర్త ప్రాణం కోసం సూర్యుణ్ణి ఉదయించకుండా ఆపిన పతివ్రత కథ మనకు సుమతి పేరుతో తెలుసు. మలయాళ సంప్రదాయంలో ఆ ఇల్లాలి పేరు శీలావతి. ఈ చిన్న తేడా కొంచెం గుర్తుపెట్టుకోవాలి, పుట్టుక గురించి మాట్లాడేటప్పుడు మళ్లీ వస్తుంది.

అసలు శీలావతిని రకం అనవచ్చా? వ్యవసాయంలో ఒక వంగడానికి రకంగా గుర్తింపు రావాలంటే 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ చట్టం మూడు గుణాలు చూస్తుంది. మిగతా రకాల నుంచి విడిగా కనబడాలి, పొలమంతా ఒకేలా ఉండాలి, తరతరానికీ మారకుండా నిలవాలి. దొంగచాటుగా పండే పంటకు ఈ పరీక్షలు పెట్టేవారు ఉండరు. కాబట్టి శీలావతి శాస్త్రం పెట్టిన పేరు కాదు. కొనేవాడికీ అమ్మేవాడికీ మధ్య నాణ్యత గుర్తుగా పుట్టిన వ్యాపారపు పేరు. పోలీసు ప్రకటనల్లోకి, అక్కడి నుంచి పేపర్లలోకి ఎక్కింది.

గోగు ఆకు, గంజాయి ఆకు

మొక్క గురించి రెండు మాటలు. గంజాయి ఆకు చేతివేళ్లలా అయిదు, ఏడు, తొమ్మిది రెక్కలుగా చీలి ఉంటుంది. ప్రతి రెక్క అంచూ రంపంలా ఉంటుంది. మన గోగు ఆకు దానికి ఎంత దగ్గరగా ఉంటుందంటే, శాస్త్రవేత్త లిన్నేయస్ గోగు జాతికి పెట్టిన శాస్త్రీయ నామంలోనే "గంజాయి వంటిది" అనే అర్థం వచ్చే కనాబినస్ అనే మాట ఉంది. దగ్గర పెట్టుకుని చూస్తే పోల్చుకోవడం కష్టమేమీ కాదు. గోగు ఆకు చీలికలు అడుగున కలిసి ఒకే ఆకుగా ఉంటాయి, నమిలితే పులుపు, పువ్వు పసుపురంగులో పెద్దదిగా మధ్యలో ముదురు ఎరుపుతో ఉంటుంది. గంజాయిలో ఒక్కో రెక్కా కాడ దాకా విడిగానే ఉంటుంది. పువ్వుకు రేకులు కనబడవు, ఆకుపచ్చటి గుత్తి మాత్రమే.

గంజాయిలో ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. మత్తు పదార్థమైన టీహెచ్‌సీ ఎక్కువగా ఉండేది ఆడ మొక్క పూతలో. ఆ పూతనే గంజాయి అంటాం. పూత మీది జిగురును విడదీస్తే చరస్. ఉత్త ఆకును నూరితే భంగు. మొక్క ఒకటే అయినా చట్టం దృష్టిలో ఈ మూడూ మూడు వేర్వేరు వస్తువులు.

ఈ విత్తనం ఎక్కడిది?

శీలావతి పుట్టుక మీద మా ప్రాంతంలో రెండు కథనాలు వినబడతాయి.

ఒకటి కేరళ కథనం. ఇడుక్కి కొండల్లో గంజాయి తోటల మీద దాడులు పెరిగాక అక్కడి సాగుదారులు, పెట్టుబడి పెట్టేవాళ్లు తూర్పు కనుమలకు మారారని, తమ విత్తనం వెంట తెచ్చారని ఇది చెబుతుంది. సరిహద్దు కేసుల్లో కేరళ, తమిళనాడు కొనుగోలుదారుల ప్రస్తావన తరచు రావడం దీనికి బలం. పతివ్రత పేరు మలయాళంలోనే శీలావతి కావడం కూడా దీనికి అనుకూలమే. అయితే పేరు ఒక్కటే సాక్ష్యం కాలేదు. శీలావతి తెలుగు చేప కూడా కదా.

రెండోది స్థానిక కథనం. గంజాయి ఈ నేలకు కొత్త కాదని, బయటివాళ్లు తెచ్చింది విత్తనం కాదు, పెట్టుబడీ మార్కెట్టూ అని దీని వాదన. చరిత్రలో దీనికీ ఆధారాలున్నాయి. 1893-94లో బ్రిటిష్ ప్రభుత్వం వేసిన ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్ దేశమంతటా గంజాయి సాగునూ వాడకాన్నీ పరిశీలించింది. అప్పట్లో సర్కారు అదుపులోనే గంజాయి పండేది. బెంగాల్లో నవగావ్, మధ్య పరగణాల్లో ఖాండ్వా, మన మద్రాసు ప్రెసిడెన్సీలో నాటి కృష్ణా జిల్లా బాపట్ల తాలూకా ఊళ్లు అందుకు పేరుపడ్డాయి. నవగావ్‌లో పొలం పొలం తిరిగి మగ మొక్కలను ఏరి పీకేసే నిపుణుణ్ణి పొద్దార్ అనేవారు. మగ మొక్క లేకపోతే ఆడ పూతకు గింజ పట్టదు, జిగురు పెరుగుతుంది. నేడు "ప్రత్యేక రకం" అని చెప్పుకునే గుణాల్లో కొంత విత్తనంలో కాక ఈ పాత పొలంపనిలోనే ఉందన్నది మరిచిపోకూడదు.

నా లెక్కకు ఈ రెండు కథనాలూ ఒకదాన్నొకటి కొట్టివేయవు. గంజాయిలో పుప్పొడి గాలితో ప్రయాణిస్తుంది. విత్తనంతో వేసే పంటలో పక్క పొలం మగ మొక్క చాలు, వచ్చే ఏటి పంట మారిపోవడానికి. ఇడుక్కి విత్తనమే వచ్చిందనుకున్నా, మూడు వేల అడుగుల కొరాపుట్ పీఠభూమి మీద ఏళ్ల తరబడి పెరిగాక అది ఇడుక్కిలోని మొక్కగా మిగలదు. సరిహద్దు కొండల శీలావతి ఇక్కడి వానకూ ఇక్కడి మట్టికీ తయారైన మిశ్రమం.

ఇంకా వెనక్కి పోతే, 110 మొక్కల జన్యుక్రమాలను పోల్చి 2021లో వెలువడిన అధ్యయనం ఈ మొక్క మొదట మనిషి చేతికి వచ్చింది తూర్పు ఆసియాలో, సుమారు 12,000 ఏళ్ల కిందట అని తేల్చింది. యూరప్‌లో నారకు పెంచే మొక్కకు లిన్నేయస్ 1753లో కనాబిస్ సటైవా అని పేరు పెట్టాడు. భారత్ నుంచి వెళ్లిన నమూనాలు చూసి లామార్క్ 1785లో మత్తు గుణమున్న మన మొక్కకు కనాబిస్ ఇండికా అన్నాడు. శీలావతి సటైవా రకమా, ఇండికా రకమా అన్న ఇంటర్నెట్ చర్చ ఇక్కడే తలకిందులవుతుంది. ఈనాటి బజారులో ఇండికా అనేది వెడల్పాటి ఆకుల అఫ్గాన్ రకాలను. లామార్క్ చూసిన సన్నటి ఆకుల భారతీయ మొక్కనేమో ఇప్పుడు సటైవా అంటున్నారు.

"ఏ పేరుతో పిలిచినా"

1985 నవంబరు 14న అమల్లోకి వచ్చిన మాదకద్రవ్యాల చట్టం, అందరూ ఎన్డీపీఎస్ అనేది, ఈ జాతుల గొడవను ఒక్క మాటతో దాటేసింది. గంజాయి మొక్క అంటే కనాబిస్ ప్రజాతికి చెందిన ఏ మొక్కయినా సరే అంది. చట్టంలో సటైవా అని మాత్రమే రాసిన కొన్ని దేశాల్లో, మాది ఇండికా కాబట్టి కేసు చెల్లదని వకీళ్లు వాదించిన రోజులున్నాయి. మన దగ్గర ఆ వాదనకు తలుపే లేదు.

గంజాయికి ఇచ్చిన నిర్వచనం ఇంకా ముఖ్యం. మొక్క పూత లేదా కాయపట్టిన కొసలు, వాటిని ఏ పేరుతో పిలిచినా సరే, గంజాయే. కొసలతో కలిసి లేనప్పుడు ఆకులూ గింజలూ ఇందులోకి రావు. "ఏ పేరుతో పిలిచినా" అన్న ఆ మూడు మాటలే పిన్ని ప్రశ్నకు జవాబు. శీలావతి అన్నా, ఇంకేదన్నా, చట్టానికి అది గంజాయి.

ప్రయోగశాల కూడా పేరు చెప్పదు. మేజిస్ట్రేటు ఎదుట తీసే నమూనా గంజాయికి 24 గ్రాములు. సూక్ష్మదర్శిని కింద ఆకు మీది ముళ్లలాంటి నూగును, రసాయన పరీక్షలో టీహెచ్‌సీని చూసి ఇది గంజాయి అని నివేదిక ఇస్తారు. ఏ రకమో ఆ పరీక్ష తేల్చదు. ఎంత ఘాటుదో చట్టం అడగదు. బ్యాంకాక్ నుంచి విమానంలో వచ్చే ఖరీదైన హైడ్రోపోనిక్ (మట్టి లేకుండా నీటిలో పెంచే) గంజాయికీ, మా కొండల గంజాయికీ శిక్షను తేల్చే కిలోల గీత ఒక్కటే.

ఇది కేంద్ర చట్టం. ఘాట్‌కు పైన ఒడిశాలోనూ, కింద ఆంధ్రాలోనూ ఒకే సెక్షన్లు.

1 కిలో, 20 కిలోలు

2001 సవరణతో శిక్షకు బరువును బట్టి మెట్లు వచ్చాయి. గంజాయికి ఆ గీతలు 1 కిలో, 20 కిలోలు.

ఒకడి జేబులో 50 గ్రాములు దొరికాయనుకుందాం. కిలో లోపు కాబట్టి చిన్న పరిమాణం. ఏడాది వరకు జైలు, లేదా 10 వేల వరకు జరిమానా, లేదా రెండూ. ఇంకొకడి దగ్గర 2 కిలోలు. అది మధ్య మెట్టు, పదేళ్ల వరకు కఠిన కారాగారం, లక్ష వరకు జరిమానా. కనీస శిక్ష లేదు, ఎంత వేయాలన్నది కోర్టు ఇష్టం. 19 కిలోలున్నా ఇదే మెట్టు.

మూడోవాడు పిన్ని చెల్లెలి కొడుకు, 21 కిలోలు. 20 దాటగానే వాణిజ్య పరిమాణం. ఇక్కడ పదేళ్లే కనీస శిక్ష, ఇరవై ఏళ్ల దాకా పడొచ్చు, జరిమానా లక్ష నుంచి రెండు లక్షలు. 19కీ 21కీ మధ్య ఉన్నది రెండు కిలోలే, జీవితంలో మాత్రం ఒక దశాబ్దం.

బెయిలు దగ్గర తేడా ఇంకా పదునుగా తగులుతుంది. వాణిజ్య పరిమాణం కేసుల్లో 37వ సెక్షన్ ప్రకారం, నిందితుడు దోషి కాడని నమ్మడానికి తగిన కారణాలున్నాయని, బయట మళ్లీ నేరం చేయడని కోర్టుకు అనిపిస్తేనే బెయిలు. అభియోగపత్రం వేయడానికి పోలీసులకు 180 రోజుల గడువు ఉంటుంది. కూలికి సంచి మోసినవాడు విచారణ ముగియకుండానే ఏళ్ల తరబడి లోపలే ఉండిపోయేది దీనివల్లే. 2023 మార్చిలో సుప్రీంకోర్టు, ఏడేళ్లకు పైగా జైల్లో ఉన్న ఒక గంజాయి కేసు నిందితుడికి బెయిలిస్తూ, విచారణలో విపరీతమైన జాప్యం జరిగితే 37వ సెక్షన్ బెయిలుకు అడ్డుగోడ కాదని చెప్పింది.

తూకంలో కాడా ఆకూ కూడా లెక్కేనా?

సగం నిజం అన్న మాట ఇక్కడిదే. ఉత్త ఆకు ఎన్డీపీఎస్ నిర్వచనంలోని గంజాయి కాదు. 2022లో కర్ణాటక హైకోర్టు భంగు విషయంలో ఇదే చెప్పింది. కానీ ఆకు పూత గుత్తితో కలిసి వస్తే ఆ మినహాయింపు పోతుంది.

కొండ మీద నుంచి దిగే సరుకు శుభ్రం చేసిన పూత కాదు. కొమ్మ కొసలు విరిచి, ఎండబెట్టి, నొక్కి, గోధుమరంగు టేపు చుట్టిన కట్టలు. ఒక కట్ట విప్పితే పూత, పూతలో ఇరుక్కున్న ఆకు, గింజలు, పుల్లలు అన్నీ ఉంటాయి. 21 కిలోల్లో పుల్లలే కిలోన్నర ఉంటే? ప్రాసిక్యూషన్ వాదన ప్రకారం అన్నీ కలిసే వచ్చాయి కాబట్టి మొత్తం తూకమే లెక్క. మిశ్రమాల్లో మత్తు లేని పదార్థపు బరువూ కలపాల్సిందేనన్న 2020 నాటి సుప్రీంకోర్టు తీర్పును వాళ్లు తోడు తెచ్చుకుంటారు. డిఫెన్స్ మాత్రం, నిర్వచనంలో కాడ అన్న మాటే లేదని, విడదీయకుండా తూచి గీత దాటిందనడం చెల్లదని అంటుంది. కొన్ని హైకోర్టులు ఈ రెండో వాదన విని బెయిలిచ్చాయి, కొన్ని ఒప్పుకోలేదు. పచ్చి మొక్కను తూచారా, ఎండినదాన్నా అన్నది ఇంకో చిక్కు. నీళ్ల బరువుకే గీత దాటిపోవచ్చు.

సంచి ఎవరిది, పొలం ఎవరిది

బస్సు ఆపుతారు. పోలీసు సీటు కింద నుంచి సంచి లాగి "ఇది ఎవరిది?" అంటాడు. బస్సంతా మూగబోతుంది. ఈ దారిలో తిరిగేవాళ్లందరికీ తెలిసిన నిశ్శబ్దమే అది. తెలిసి దగ్గర ఉంచుకుంటేనే నేరం, కానీ ఈ చట్టంలో తెలియదని నిరూపించుకునే బరువు చివరికి నిందితుడి మీద పడుతుంది. సంచి అతని అధీనంలోనే ఉందన్న మూల విషయాన్ని మాత్రం ముందు ప్రాసిక్యూషనే రుజువు చేయాలని 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. టికెట్టు, సీటు నంబరు, కండక్టరు మాట, ఇలాంటి చిన్న విషయాల మీద కేసు నిలబడేది అందుకే.

పొలానికొస్తే బరువు మెట్లు లేవు. ఒక్క మొక్క వేసినా సాగే, పదేళ్ల వరకు శిక్ష ఉంది. తన భూమిలో గంజాయి మొలిచిందని తెలిసిన హక్కుదారుడు వెంటనే అధికారులకు చెప్పాలి, ఊరి సర్పంచికీ ఆ బాధ్యత ఉంది. కానీ కొండపోడు భూమికి హక్కుదారుడెవరు? చాలాచోట్ల అది అడవి కాగితాల్లో ఉంటుంది. మొక్కలు నరికేస్తారు, నిందితుడు దొరకడు. అటవీ హక్కుల పట్టా ఉన్న గిరిజనుడు మాత్రం కాగితం మీద దొరికిపోతాడు.

భూగోళం కూడా దీనికి తోడైంది. మల్కన్‌గిరి జిల్లాలో బలిమెల జలాశయంతో తెగిపోయిన 151 ఊళ్లకు, మనం కటాఫ్ ఏరియా అనేదానికి, 2018 జులైలో గురుప్రియ వంతెన తెరిచేదాకా పడవే దారి. అధికారి రాని చోటికి పెట్టుబడిదారుడు వచ్చాడు. ఆంధ్రా వైపు 2021 చివర్లో ఆపరేషన్ పరివర్తన్‌తో వేల ఎకరాల తోటలు నరికి, 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు 2 లక్షల కిలోలు తగలబెట్టారు.

త్రినాథుడి దీపం, భంగు దుకాణం

పర్లాకిమిడి, బరంపురం వైపు తెలుగు ఇళ్లలో త్రినాథ మేళా తెలియనివారు తక్కువ. రాత్రిపూట మూడు దీపాలు పెట్టి, నూనె, తాంబూలంతో పాటు గంజాయి కూడా కానుకగా ఉంచే ఆచారం ఒడియా, తెలుగు కుటుంబాలు రెండింటిదీ. చట్టంలో పూజకు మినహాయింపు లేదు. అమ్మమ్మల కాలంలో లైసెన్సు దుకాణంలో కొన్న వస్తువు 1985 తర్వాత నేరమైంది, పూజలో కథ మాత్రం పాతదే చదువుతున్నారు.

భంగు మాత్రం నిర్వచనం బయట ఉండిపోయినందున రాష్ట్రాల ఎక్సైజు చట్టాల కిందికి వచ్చింది. వారణాసిలో లైసెన్సు భంగు దుకాణాలు బహిరంగంగా నడుస్తున్నాయంటే కారణం అదే. రాష్ట్రాన్ని బట్టి మారే భాగాల్లో ఇదొకటి.

నార, గింజల కోసం సాగుకు అనుమతివ్వడానికి 14వ సెక్షన్ ప్రభుత్వానికి వీలిచ్చింది. ఉత్తరాఖండ్ ఆ దారిలో 0.3 శాతానికి మించని టీహెచ్‌సీ ఉన్న మొక్కకు లైసెన్సులిచ్చింది. 2021 నవంబరులో ఆహార ప్రమాణాల సంస్థ గింజలు, గింజల నూనె, పిండి తినేందుకు అనుమతించింది. శీలావతి ఈ దారిలోకి రాదు. దాన్ని కొనేదే మత్తు కోసం.

మార్చాలనేవారు, వద్దనేవారు

గంజాయి నిషేధాన్ని సడలించాలని బహిరంగంగా వాదించిన నాయకుల్లో ఒడిశాకే చెందిన ఢెంకనాల్ మాజీ ఎంపీ తథాగత సత్పథీ ఒకరు. నిషేధం పేదవాణ్ణి ఇంకా చెడ్డ మత్తువైపు నెడుతోందన్నది ఆ పక్షం మాట. 1894 నాటి కమిషన్ కూడా మితమైన వాడకంతో పెద్ద హాని లేదనే తేల్చింది. 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల కమిషన్ గంజాయిని అంతర్జాతీయ ఒప్పందంలోని అత్యంత కఠినమైన నాలుగో జాబితా నుంచి తీసేసేందుకు 27-25 ఓట్లతో నిర్ణయించినప్పుడు భారత్ అనుకూలంగానే ఓటేసింది. అయితే మొదటి జాబితాలో నియంత్రణ అలాగే ఉంది, మన చట్టం మారలేదు.

అవతలి వాదనా తేలిక కాదు. 1894 నాటి గంజాయి కన్నా నేటి సరుకు ఘాటు వేరని, చిన్న వయసులో మొదలుపెడితే మెదడు మీద పడే ప్రభావం తీవ్రమని వైద్యులు చెబుతున్నారు. కాలేజీ పిల్లల్ని పోగొట్టుకున్న తల్లులకు కమిషన్ నివేదిక చూపించి ప్రయోజనం లేదు. కొండ మీది రైతు లెక్క మరొకటి. కాఫీ నాటితే మూడు నాలుగేళ్లకు గానీ కాపు రాదు, గంజాయి ఒక్క వానాకాలంలో చేతికొస్తుంది. ఆ మూడేళ్లు ఇల్లు ఎలా గడవాలన్నదానికి రెండు పక్షాల దగ్గరా గట్టి జవాబు నాకు కనబడలేదు.

ఆషాఢంలో అభియోగపత్రం నకలు వచ్చింది. ఒడియాలో ఉంది. పిన్ని ఒడియా గడగడా మాట్లాడుతుంది గానీ చదవలేదు, నేను చదివి వినిపించాను. ప్రతి పేజీలో గంజేయి అని ఉంది. శీలావతి అన్న మాట ఒక్కచోట కూడా లేదు. తూకం గడిలో 21 కిలోలు, పక్కనే చిన్న అక్షరాల్లో "సంచితో సహా". పిన్ని ఆ మాట మళ్లీ చదివించుకుంది. దాని కింద పెన్సిలుతో గీత గీయమని, కాగితం మడతపెట్టి, వకీలు దగ్గరకు బయలుదేరింది.